తాళం లైటు మిణుకుమంటోంది, బండి కదలడం లేదు: ఒక చెరువుగట్టు కారు కేస్ స్టడీ

పోయిన ఏడాది కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం సఖినేటిపల్లి రేవు నుంచి నాకు ఫోన్ వచ్చింది. నరసాపురం నుంచి వచ్చిన పంటు (బళ్లనూ మనుషులనూ గోదావరి దాటించే పడవ) ఇవతలి ఒడ్డుకు ఆనింది. బైకులన్నీ దిగిపోయాయి గాని, ముందు వరసలో ఉన్న కారు మాత్రం స్టార్ట్ కావడం లేదు. వెనక ఇంకో రెండు కార్లు, ఒక ట్రక్ ఆటో దారి కోసం చూస్తున్నాయి. చివరికి పంటు వాళ్లూ ప్రయాణికులూ కలిసి ఆ కారును ఒడ్డు మీదకు తోశారు. ఫోన్ చేసినాయన ఆక్వా రైతు, నాకు తెలిసినవారే. "అబ్బాయ్, బండిలో మీ పిన్నిగారు ఉన్నారు. డయాలసిస్ చేయించుకుని వస్తున్నాం. ఎండలో కూర్చోబెట్టేశాను. కొంచెం తొందరగా రావయ్యా" అన్నారు.

నా షెడ్డు రాజోలులో. ఇరవై రెండేళ్లుగా కార్ల ఎలక్ట్రికల్ పనే చేస్తున్నాను. నేను రేవుకు చేరేసరికి కారు స్టార్ట్ అయి ఉంది. మళ్లీ ఆపి నేను తిప్పినా మొదటి తిప్పుకే అందుకుంది. ఆయనకు ఏం చెప్పాలో తెలియలేదు. "ఆయ్, నిజంగానే కాలేదండీ, వీళ్లందరూ చూశారు" అని పక్కవాళ్లను సాక్ష్యం అడుగుతున్నారు. సాక్ష్యం అక్కర్లేదని చెప్పాను. వచ్చిపోయే ఫాల్టు అబద్ధం కాదు. వైరింగ్‌లో అన్నిటికంటే ఓపిక కావలసింది దానికే.

బండి 2013 మోడల్ చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఎనిమిది నెలలుగా ఇదే బాధట. ఈలోపు బ్యాటరీ రెండుసార్లు మార్చారు. సెల్ఫ్ మోటార్ (ఇంజన్‌ను మొదట తిప్పే మోటార్) విప్పి కార్బన్ బ్రష్‌లు వేయించారు. ఇగ్నిషన్ స్విచ్ కొత్తది పెట్టించారు. చివరికి ఒకచోట స్కానర్ పెట్టి చూసి తాళం చెవి, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే బండి స్టార్ట్ కానివ్వని) యూనిట్, ఇంజన్ కంప్యూటర్ మూడూ మార్చాలి, 42 వేలు అవుతుందని చెప్పారు. ఆ మాట విన్నాక ఆయన బండి అమ్మేద్దామనే అనుకున్నారు. కానీ వారానికి రెండుసార్లు తెల్లవారుజామున అయిదింటికి భార్యను భీమవరం తీసుకెళ్లాలి. అమ్మితే వెంటనే ఇంకోటి కొనాలి. రొయ్యకు రేటు లేని ఏడాది అది.

"స్టార్ట్ కాలేదు" అంటే ఏది కాలేదు?

నేను ఎవరినైనా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ తిరిగిందా, లేదా? ఈ ఒక్క ప్రశ్న అడక్కపోవడం వల్లే ఆయన ఎనిమిది నెలలు తిరిగారని నా నమ్మకం. సెల్ఫ్ తిరగకపోవడం ఒక రోగం. సెల్ఫ్ తిరిగినా ఇంజను అందుకోకపోవడం ఇంకో రోగం. మొదటిదానికి బ్యాటరీ, స్విచ్, సెల్ఫ్‌కు వెళ్లే వైరు వెతకాలి. రెండోదానికి పెట్రోలు, స్పార్కు, ఇమ్మొబిలైజర్ వెతకాలి. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట వాడి బిల్లు మీద "నో స్టార్ట్" అని రాసేస్తారు.

ఆయన కాస్త ఆలోచించి చెప్పారు. "రెండూ ఉన్నాయబ్బాయ్. ఒక్కోసారి తాళం తిప్పితే డాష్‌బోర్డు కింద టిక్కుమని ఊరుకుంటుంది. ఒక్కోసారి సెల్ఫ్ బాగానే తిరుగుతుంది గాని అందుకోదు. అప్పుడు మీటర్లో తాళం బొమ్మ లైటు కొట్టుకుంటుంది." పంటు మీద జరిగింది మొదటి రకం. ఇంకో మాట కూడా చెప్పారు. రాత్రిళ్లు సైరన్ దానంతట అదే మోగుతోందట. కుక్కలు తగిలాయేమో, కొబ్బరికాయ పడిందేమో అని ఇంట్లో వాళ్లు లేచి చూసి రిమోట్ నొక్కి పడుకుంటున్నారు.

ఇక్కడ చాలామంది కలిపేసే విషయం ఒకటి విడదీసి చెప్పాలి. ఈ బండికి దొంగల నుంచి రక్షణ రెండు ఉన్నాయి, అవి ఒకదానికొకటి తెలియవు. ఒకటి కంపెనీలోనే వచ్చిన ఇమ్మొబిలైజర్. రెండోది బండి కొన్న కొత్తలో యాక్సెసరీస్ షాపులో సెంట్రల్ లాక్‌తో పాటు వేయించిన సెక్యూరిటీ అలారం.

ఇమ్మొబిలైజర్ సంగతి ముందు. తాళం చెవి ప్లాస్టిక్ తలలో చిన్న చిప్ ఉంటుంది, ట్రాన్స్‌పాండర్ అంటారు. దానికి బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ లాక్ చుట్టూ ఉంగరంలా ఒక కాయిల్ ఉంటుంది. తాళం ఆన్ చేయగానే ఆ కాయిల్ నుంచి 125 కిలోహెర్ట్జ్ తరంగం బయల్దేరుతుంది. చిప్ ఆ తరంగం నుంచే తనకు కావలసిన కాస్త కరెంటూ తీసుకుని జవాబు చెబుతుంది. జవాబు సరిపోతే ఇంజన్ కంప్యూటర్ పెట్రోలు వదులుతుంది. సరిపోకపోతే, లేదా జవాబు వినపడకపోతే, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు తెరవదు. ఈ బండిలాంటి వాటిలో సెల్ఫ్ మాత్రం తిరుగుతుంది. రిమోట్‌లో సెల్ అయిపోయినా చిప్ పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఆ రెండిటికీ సంబంధం లేదు. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి చేశారు. మన దగ్గర కూడా ఇప్పుడు చిన్న కారుకు సైతం వస్తోంది. దాన్ని దాటి బండి స్టార్ట్ చేయడం మామూలు దొంగ వల్ల అయ్యే పని కాదు.

బయట వేయించిన అలారం అలా కాదు. అది డోర్ స్విచ్‌లు, బోనెట్ స్విచ్ చూసుకుంటూ ఉంటుంది. ఏదైనా తెరుచుకుంటే సైరన్ కొడుతుంది. ఒక రిలేతో (కరెంటు అందితే దానంతట అదే మారే స్విచ్) సెల్ఫ్‌కు వెళ్లే వైరును మధ్యలో తెంపి పెడుతుంది. ఈ రిలే వేయడానికి కంపెనీ వైరును కోయాలి. కోసినవాడు దాన్ని ఎలా అతికాడన్నదాన్ని బట్టి ఆ బండి తర్వాతి పదేళ్ల బతుకు ఉంటుంది.

మొదటి చూపు: చెరువుగట్టు చేసిన పని

బండి నా షెడ్డుకు తెచ్చుకున్నాను. 2022 జులై వరదలో నీళ్లు ఎక్కాయా అని అడిగాను. ఆ వరద తర్వాత లంక గ్రామాల నుంచి వచ్చిన బళ్లలో కార్పెట్ కింద కప్లర్లు (వైర్లు కలిపే జాయింట్లు) కుళ్లిపోయి, ఏడాదికి గాని బయటపడని ఫాల్టులు చాలా చూశాను. ఆయన ముందే ఏటిగట్టు మీదకు ఎక్కించి ఉంచారట. కార్పెట్ ఎత్తి చూస్తే నిజమే, పొడిగా ఉంది.

బోనెట్ ఎత్తితే మాత్రం నాకు సగం కథ కనపడింది. బోనెట్ లోపలి అంచున తెల్లటి పొర. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. బండి రోజూ నిలబడేది రొయ్యల చెరువు గట్టు మీద, కొబ్బరాకుల పాకలో. పాకకు పది అడుగుల దూరంలో ఏరియేటర్లు రాత్రంతా ఉప్పునీళ్లు ఎగజల్లుతూ ఉంటాయి. ఆ తుంపర గాలికి వచ్చి వాలుతుంది. అంతర్వేది వైపు సముద్రపు గాలి ఎటూ ఉండనే ఉంది. ఇనుముకు తుప్పు, రాగికి చిలుము పట్టడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

బ్యాటరీ నాలుగు నెలల కిందటిది, 35 ఆంపియర్ అవర్. రాత్రంతా నిలబెట్టి పొద్దున కొలిస్తే 12.1 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 చూపాలి. ఇంజను నడుస్తుంటే 14.1 వస్తోంది, కాబట్టి డైనమో మంచిదే. అంటే ఎక్కినది ఎక్కడికో కారిపోతోంది. డోర్ లాకును స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు తిప్పిపెట్టి, తాళం చెవి దూరంగా పెట్టి, మీటరును నెగటివ్ వైరులో వరసగా కలిపి అరగంట ఆగాను. ఈ అరగంట ఆగడం ముఖ్యం. బండి ఆపిన వెంటనే కొలిస్తే యూనిట్లన్నీ ఇంకా మెలకువగానే ఉంటాయి, లెక్క తప్పుతుంది. ఆగిన తర్వాత కూడా 180 మిల్లీఆంపులు. సాధారణంగా 50 దాటకూడదు. అలారం ఫ్యూజు పీకగానే 22కు పడిపోయింది.

ఆ తేడా అంకె చూడగానే నాకు రిలే గుర్తొచ్చింది. కార్లలో వాడే మామూలు 12 వోల్టుల రిలే కాయిల్ సుమారు 150 మిల్లీఆంపులు లాగుతుంది. అంటే అలారం రిలే రాత్రంతా పట్టుకునే ఉంటోంది. రోజుకు నాలుగు ఆంపియర్ అవర్ల దాకా పోతుంది. మూడు రోజులు బండి కదలకపోతే బ్యాటరీలో మూడోవంతు ఖాళీ.

ఎందుకు పట్టుకుంటోందంటే బోనెట్ స్విచ్ వల్ల. అది చిన్న స్ప్రింగు పిన్ను. తుప్పుపట్టి సగంలో ఇరుక్కుంది. తేమ ఎక్కినప్పుడల్లా అలారానికి బోనెట్ తెరుచుకున్నట్టే కబురు వెళుతోంది. రాత్రి సైరన్ అదే. సెల్ఫ్ వైరును తెంపిపెడుతున్నదీ అదే.

స్టీరింగ్ కింద ప్యానల్ విప్పి అలారం వైరింగ్ బయటికి లాగాను. సెల్ఫ్‌కు వెళ్లే వైరును కోసి, రెండు కొసలకూ రిలే వైర్లు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. సాల్డరింగ్ లేదు, స్లీవ్ లేదు. టేపు జిగురు ఎండకు కరిగి వేళ్లకు అంటుకుంటోంది. విప్పితే లోపల రాగి పోగులు పచ్చగా ఉన్నాయి, గోటితో గీస్తే పొడి రాలింది. తాళం స్టార్టులో పట్టుకోమని కుర్రాడికి చెప్పి రెండు చోట్ల కొలిచాను. ఇగ్నిషన్ స్విచ్ దగ్గర 10.6 వోల్టులు బయల్దేరుతోంది. సెల్ఫ్ సోలనాయిడ్ (సెల్ఫ్‌ను కదిలించే విద్యుత్ స్విచ్) దగ్గరకు 7.4 చేరుతోంది. దారిలో మూడు వోల్టులకు పైగా ఆ రెండు మెలికలూ, కాలిన రిలే పాయింట్లూ తినేస్తున్నాయి. రిలే మంచిగా ఉన్న రోజూ సోలనాయిడ్ చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు పనిచేస్తోందన్నమాట. రెండు బ్యాటరీలూ సెల్ఫ్ మోటారు బ్రష్‌లూ అన్యాయంగా మారాయి.

కంపెనీ వైరును మళ్లీ కలిపాను. పాడైన కొసలు కోసేసి, అదే మందం వైరు ముక్క వేసి, క్రింప్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించాను. అలారం పూర్తిగా తీసేసి సెంట్రల్ లాక్ ఒక్కటి ఉంచాను. ఆయన భయం సహజమే: "అలారం తీసేస్తే బండి ఎత్తుకుపోరా?" అని అడిగారు. "బాబాయ్‌గారూ, సైరన్ ఊరికే అరుస్తుంది. బండిని నిజంగా కాపాడేది తాళంలో ఉన్న చిప్, స్టీరింగ్ లాక్. అవి రెండూ అలాగే ఉన్నాయి" అన్నాను. సోలనాయిడ్ దగ్గర ఇప్పుడు 10.4 వస్తోంది. బండి అప్పజెప్పి, ఇక ఇబ్బంది ఉండదని చెప్పాను.

ఆ మాట తొందరపడి అన్నాను. ఆయన చెప్పిన రెండు రోగాల్లో నేను నయం చేసింది ఒక్కటే. రెండోది కూడా బ్యాటరీ తగ్గడం వల్లే వచ్చి ఉంటుంది, బ్యాటరీ నిలబడితే అదీ పోతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

పదకొండో రోజు

తెల్లవారుజామున 5.10కి ఫోన్. "సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోందబ్బాయ్, అందుకోవడం లేదు. తాళం లైటు కొట్టుకుంటోంది." ఆరోజు వాళ్లు పక్కింటి వాళ్ల కారు బతిమాలుకుని చించినాడ వంతెన మీదుగా భీమవరం వెళ్లారు. నాకు చాలా బాధ వేసింది. డయాలసిస్‌కు టైము ఇచ్చాక ఆలస్యమైతే ఆ మనిషి ఎంత నలిగిపోతుందో మా అమ్మ విషయంలో చూశాను.

మళ్లీ బండి తెచ్చి రోజంతా నలభైసార్లు స్టార్ట్ చేశాను. నలభైసార్లూ అందుకుంది. బ్యాటరీ 12.6. స్కానర్ పెట్టాను. కోడ్లు రెండు ఉన్నాయి. ఒకటి పి0513, తాళం గుర్తు సరిపోలేదని. రెండోది పి0562, సిస్టమ్ వోల్టేజి తక్కువ ఉందని. ఇదివరకు చూసినవాళ్లు మొదటి కోడ్ పట్టుకుని తాళం, యూనిట్ మార్చమన్నారు. రెండోదాన్ని బ్యాటరీ ఖాతాలో వేసి వదిలేశారు. నేనూ అదే చేశాను. కానీ ఇప్పుడు బ్యాటరీ బాగుంది, పదకొండు రోజుల కిందట నేను చెరిపేసిన కోడే మళ్లీ కొత్తగా వచ్చింది.

ముందు తాళాలు చూశాను. రెండో తాళం చెవి ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది, ఎప్పుడూ వాడలేదు. ఆయన ఫోన్‌లో చెప్పినదాని ప్రకారం ఆరోజు పొద్దున దానితో తిప్పినా అందుకోలేదు. రెండు చిప్‌లూ ఒకే ఉదయం చచ్చిపోయి మధ్యాహ్నానికి బతకవు. కాబట్టి తప్పు తాళానిది కాదు. ఆయన కీచైన్‌లో అల్లుడిగారి కారు తాళం కూడా ఉంది. ఒకే రింగులో రెండు చిప్ తాళాలుంటే ఒక్కోసారి ఒకదాని జవాబు మీద ఇంకొకటి మాట్లాడి కాయిల్‌ను తికమక పెడుతుంది. అది విడిగా పెట్టమన్నాను. ఈ కేసులో కారణం అది కాదని తర్వాత తేలింది గాని, ఎవరికైనా చెప్పే జాగ్రత్తే.

షెడ్డులో రాని ఫాల్టు అక్కడే ఎందుకు వస్తోంది? అడిగి లాభం లేదు, చూడాలనుకున్నాను. బండి ఆయనకే ఇచ్చి, తర్వాత డయాలసిస్ రోజు నాలుగున్నరకే చెరువుగట్టుకు వెళ్లాను. చీకటి. ఏరియేటర్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పిన్నిగారు శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చున్నారు. ఆయనకు ఒకటే చెప్పాను: "నేను లేననుకోండి. రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి."

ఆయన సీట్లో కూర్చున్నారు. మొదట హెడ్‌లైట్లు వేశారు. గట్టు సన్నం, అటూ ఇటూ నీళ్లు, రాత్రి పూట పాములు కూడా. లైటు వేసి ముందు చూసుకోనిదే ఆయన బండి కదపరు. తర్వాత అద్దం మీద మంచు పోవడానికి బ్లోయర్ పెట్టారు. అప్పుడు తాళం తిప్పారు. సెల్ఫ్ తిరిగింది. ఇంజను అందుకోలేదు. తాళం లైటు కొట్టుకోవడం మొదలైంది.

నేను పగలు నలభైసార్లు తిప్పినప్పుడు ఒక్కసారి కూడా హెడ్‌లైటు వేయలేదు. ఎవరు వేస్తారు? ఎనిమిది నెలల్లో ఈ బండిని చూసిన ప్రతివాడూ పగటిపూట, లైట్లు లేకుండానే చూశాడు.

ఇంకోటి కూడా కనపడింది. ఆ హెడ్‌లైట్ల వెలుగు పసుపు తిరిగి మసగ్గా ఉంది. "బల్బులు పాతబడ్డాయనుకున్నాను" అన్నారాయన. బల్బులు పాతవే, నిజమే. కానీ రెండూ ఒకేలా మసకబారాయంటే వాటికి అందే వోల్టేజి తక్కువని అర్థం.

బోనెట్ ఎత్తాను. మీటరు నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోల్ మీద పెట్టాను. టెర్మినల్ క్లిప్పు మీద కాదు, పోల్ సీసం మీదే. ఎర్ర ప్రోబు బాడీ రేకు మీద గీకి ఆన్చాను. ఈ రెండు చోట్లా ఒకటే ఉండాలి, తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. బాగున్న బండిలో 0.1 వోల్టు, మహా అయితే 0.2. ఇక్కడ తాళం ఆన్ చేసి లైట్లు, బ్లోయర్ లేకుండా 0.5 ఉంది. లైట్లు వేస్తే 1.5. బ్లోయర్ కూడా పెడితే 1.9. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 10.1కి దిగుతోంది, బాడీ 1.6 పైకి లేస్తోంది. అంటే బాడీ నుంచి ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) తీసుకునే ఇమ్మొబిలైజర్ యూనిట్‌కు అందేది ఎనిమిదిన్నర వోల్టులే. మీటరు మిన్-మ్యాక్స్ (అతి తక్కువ, అతి ఎక్కువ అంకెలు పట్టి ఉంచే పద్ధతి) మీద పెట్టి చూస్తే, సెల్ఫ్ అందుకునే మొదటి క్షణంలో 6.8కి కూడా దిగింది.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి. ఇంజన్ కంప్యూటర్ ఎర్త్ ఇంజను బ్లాకు మీద ఉంది. బ్యాటరీ నుంచి గేర్‌బాక్స్‌కు వచ్చే లావు నెగటివ్ కేబుల్ శుభ్రంగా ఉంది, అందుకే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఇమ్మొబిలైజర్ ఎర్త్ బాడీ మీద ఉంది. ఒకరు సున్నా మీద నిలబడి, ఇంకొకరు ఒకటిన్నర వోల్టుల ఎత్తు మీద నిలబడి ఒకే సన్నటి వైరు మీద మాట్లాడుకోవాలి. వాళ్ల భాష ఒకట్లూ సున్నాలే. ఒకరు చెప్పిన ఒకటి ఇంకొకరికి సున్నాలా వినపడుతుంది. తాళం సరైనదే, చిప్ సరైన జవాబే చెప్పింది. ఆ జవాబు కంప్యూటర్‌కు చేరేలోపు చెడిపోయింది. చేరని జవాబును కంప్యూటర్ తప్పు తాళం కింద లెక్కేసి పెట్రోలు ఆపేసింది. అది చేయవలసిన పనే చేసింది.

"తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగి తిప్పితే ఒక్కోసారి పనిచేస్తుంది" అని ఆయన ఎప్పుడో అన్నారు. నేను దాన్ని పట్టించుకోలేదు. ఆగితే పెట్రోలు పంపు తన మొదటి పరుగు ముగించి ఆగుతుంది, బాడీ ఎర్త్ మీద అయిదు ఆంపులు తగ్గుతాయి, మాటలు ఆ సందులో పూర్తవుతాయి. జబ్బు ఎక్కడుందో బండి యజమాని వేలు పెట్టి చూపించినట్టే.

బ్యాటరీ ట్రే కింద

లైట్లు ఆపి, పెట్టెలో ఉన్న జంపర్ కేబుల్ తీశాను. నల్ల వైరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ పోల్‌కు, రెండో కొస బాడీ మీద శుభ్రంగా ఉన్న ఒక బోల్టుకు తగిలించాను. హెడ్‌లైట్లు వేయమన్నాను. గట్టు మీద వెలుగు తెల్లగా మారిపోయింది. అరుగు మీద నుంచి పిన్నిగారు "అదేంటి, లైట్లు ఇంత వెలుగు వచ్చాయి" అన్నారు. తాళం తిప్పితే మొదటి తిప్పుకే అందుకుంది. అలా ఆ కేబుల్ కట్టే వాళ్లను భీమవరం పంపించాను, ఊడకుండా తాడుతో బిగించి.

సాయంత్రం షెడ్డులో బ్యాటరీ ట్రే ఎత్తాను. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి వచ్చే పొట్టి ఎర్త్ పట్టీ ట్రే కిందనే, ఒక ఎం6 బోల్టుతో బిగించి ఉంది. పైనుంచి చూస్తే కనపడదు. యాసిడ్ ఆవిరి, ఉప్పు తుంపర, ఎండిన ఆకుల మట్టి కలిసి ఆ బోల్టు చుట్టూ తెల్లా పచ్చా గడ్డ కట్టింది. లగ్గును (పట్టీ కొసన బోల్టు కింద ఉండే ఉంగరం) చేత్తో తిప్పితే తిరిగింది. పట్టీ పైన పోగులు బాగానే ఉన్నాయి, లగ్గు మెడ దగ్గర మాత్రం పది పన్నెండు పోగుల మీద వేలాడుతోంది. మిగిలినవి పొడి.

ఇదివరకు చూసినవాళ్లు ఎర్త్ చెక్ చేయలేదని నేను అనను. మీటరు బీప్ మీద పెట్టి, దారి తెగలేదుగా అని చూసి ఉంటారు, బీప్ వచ్చి ఉంటుంది. లెక్క చూడండి: దాదాపు 15 ఆంపుల మీద ఒకటిన్నర వోల్టులు పోతోందంటే అక్కడున్న అడ్డు 0.1 ఓమ్. మన మీటరు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ముట్టించినా 0.2 చూపిస్తుంది. ఇక ఈ జబ్బు ఓమ్స్‌లో ఎలా దొరుకుతుంది? పది పోగులున్నా బీప్ కొడుతుంది, ఒక్క పోగున్నా కొడుతుంది. బరువు పెట్టి చూస్తే తప్ప మోకు బలం తెలియదు. ఎర్త్‌ను వోల్టుల్లో, లోడ్ మీద, బండి కష్టపడుతున్నప్పుడే కొలవాలి. కుర్రాళ్లకు నేను ఇది ఎన్నోసార్లు చెప్పాను. నేనే మొదటి రోజు కొలవలేదు.

పాత పట్టీ తీసేసి, 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కొత్త లగ్గులు నొక్కి, సాల్డర్ పోసి, స్లీవ్ వేశాను. బాడీ మీద చోటు మార్చాను. ట్రే కింద కాకుండా పక్కన కనపడే చోట పెయింటు రేకు మెరిసేదాకా గీకి, పళ్లున్న వాషర్ వేసి బిగించి, బిగించిన తర్వాత పైన వాజిలీన్ రాశాను. వాజిలీన్ ముందే రాసి బిగించేవాళ్లున్నారు, అలా చేస్తే లగ్గుకూ రేకుకూ మధ్య జిడ్డు మిగులుతుంది. ఇంజను నుంచి బాడీకి ఇంకో పట్టీ అదనంగా వేశాను. తర్వాత హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపరు అన్నీ వేసి కొలిస్తే బాడీ తేడా 0.05 వోల్టు. కోడ్లు చెరిపి, అన్నీ వేసి ఉంచి వరసగా ఇరవైసార్లు స్టార్ట్ చేశాను. రెండు తాళాలతోనూ.

అయిన ఖర్చు రెండు విడతలకూ కలిపి 1,850 రూపాయలు. అందులో సామాను అయిదు వందల లోపే.

ఈ మధ్యలో ఒకరోజు విసుగొచ్చి ఆయన "ఆ ఇమ్మొబిలైజర్ పీకి పారెయ్యబ్బాయ్, పీడా పోతుంది" అన్నారు. కంప్యూటర్‌లో దాన్ని తీసేసి ఇస్తామని తిరిగేవాళ్లు ఉన్నారు కూడా. నేను ఆ పని చేయను, చేయించుకోవద్దనీ చెబుతాను. ఆ తర్వాత ఆ బండి ఏ తాళంతోనైనా, తాళం లేకుండానైనా స్టార్ట్ అవుతుంది. బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు తాళాలూ చూపించమంటారు, బండిలో ఏం మార్చారని అడుగుతారు. పైగా ఈ కేసులో దాన్ని తీసేసి ఉంటే బండి స్టార్ట్ అయ్యేదేమో గాని, పోగుల మీద వేలాడుతున్న ఎర్త్ అలాగే ఉండేది. ఏదో ఒక రాత్రి చించినాడ వంతెన మీద లైట్లతో సహా ఆరిపోయేది.

ఆయనకు రెండు పనులు చెప్పాను. పాక చెరువు వైపు నుంచి ఇంటి వెనక్కి మార్చమన్నాను. నెలకోసారి బోనెట్ ఎత్తి మంచినీళ్లతో తుడిచి, టెర్మినళ్లు చూసుకోమన్నాను. పాక మార్చడం కుదరలేదు, స్థలం లేదు. ఏరియేటర్ల వైపు మాత్రం టార్పాలిన్ కట్టించారు.

సంక్రాంతికి పండగ పిండివంటలు పట్టుకుని ఆయనే షెడ్డుకు వచ్చారు, ఆ కారులోనే. కొలిస్తే 0.05 ఉంది. మళ్లీ జూన్‌లో, తొలకరి వానలు పడ్డాక కొలిచాను, 0.06. ఆ రెండు అంకెలూ తేదీలతో సహా బోనెట్ లోపల స్టిక్కరు మీద రాసి అంటించాను, నా తర్వాత ఈ బండి ఎవరి చేతికి వెళ్లినా పోల్చుకోవడానికి ఉంటుందని.